గేర్‌బాక్సు ఒప్పుకోవాలిగా!

సైబరాబాద్ కథ రాసేవాళ్లంతా 1998 నవంబర్ 22తో మొదలుపెడతారు. ఆ రోజు అప్పటి ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. మంచిదే. గేర్‌బాక్సులు విప్పి బతికిన నాలాంటివాణ్ని అడిగితే మాత్రం అసలు తేదీ ఇంకో నెలా ఎనిమిది రోజుల తర్వాత, అదే ఏడు డిసెంబర్ 30. టాటా వాళ్లు ఇండికా కారు విడుదల చేసింది ఆ రోజే. ఆ గుండ్రటి మేడలోకి రాత్రీ పగలూ మనుషుల్ని మోసుకొచ్చి దించింది ఆ డీజిల్ కారూ, దాని వెనకాలే వచ్చిన క్వాలిస్సూ. కొండాపూర్, ఇజ్జత్‌నగర్, హఫీజ్‌పేట సందుల్లో రేకుల షెడ్లు లేచింది ఆ క్యాబులకు క్లచ్ ప్లేట్లు మార్చడానికే. ఇవాళ అలాంటి షెడ్లలోనే ముప్పై నలభై లక్షల పికప్ ట్రక్కును నిలబెట్టి, స్టీరింగ్ కింద వైరు గుచ్చి, ల్యాప్‌టాప్‌లో ఇంజన్ బలం పెంచుతున్నారు. ఈ రెండింటి మధ్య నడిచిందంతా నా కళ్లముందు జరిగింది, కొంత నా చేతుల మీదుగానే.

ఈ ఊళ్లో కంపెనీ బిగించి పంపిన ఇంజన్ మీద చెయ్యి వేయడం ఐటీ కుర్రాళ్లు తెచ్చిన అలవాటు కాదు. మా ఉస్తాద్ చేశాడు, ఆయన ఉస్తాద్ చేశాడు. వాళ్లు చేసింది పది రూపాయలు మిగుల్చుకోవడానికి. ఇప్పుడు చేయించేది పది సెకన్లు మిగుల్చుకోవడానికి, అదీ శనాదివారాల్లో. కారణం మారింది, పనిముట్టు మారింది. ఎంత బలం పెంచినా దాన్ని మోయాల్సింది వెనక ఉన్న గేర్‌బాక్సే అన్నది మాత్రం మారలేదు. ఈ పని చరిత్రంతా ఇంజన్ వాళ్లు రాసుకున్నారు. అందుకే గేర్‌బాక్సు వైపు నుంచి ఒకసారి చెబుతున్నాను.

నిజాం ప్రభుత్వ రైల్వే కింద రోడ్డు రవాణా శాఖ 1932లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. బస్సులు ఆల్బియన్ కంపెనీవి, స్కాట్లాండ్ సరుకు. ఒక పళ్లచక్రం అరిగితే ఓడ రావాలి, లేదా ఇక్కడే చేసుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు దొరక్క దేశమంతటా బస్సుల వెనక బొగ్గు పొయ్యిలు బిగించి, ఆ గ్యాస్‌తో ఇంజన్లు నడిపారు. బొగ్గు బస్సు ఎత్తు ఎక్కలేకపోతే జనం దిగి తోసేవాళ్లని పెద్దవాళ్లు చెబితే వినే ఉంటారు. నా లెక్కలో మన దగ్గర ఇంజన్‌కు జరిగిన మొదటి పెద్ద మార్పు అదే. బలం పెంచడానికి కాదు, బండి ఆగకుండా ఉండటానికి.

1942లో ఆల్విన్ కంపెనీ పుట్టింది. సనత్‌నగర్‌లోని ఆ ఫ్యాక్టరీ బస్ బాడీల షాపులో మా నాయన రివెట్లు కొట్టేవాడు. ఇంట్లో ఫ్రిజ్ లేదుగానీ ఫ్రిజ్‌లు చేసే ఫ్యాక్టరీలో పని అని మా అమ్మ ఎత్తిపొడిచేది. నన్ను ఐటీఐలో డీజిల్ మెకానిక్ కోర్సులో వేశారు. ఆ తర్వాత బాలానగర్. అప్పటి బాలానగర్‌ను ఇప్పటివాళ్లు ఊహించలేరు. ఒక పక్క హెచ్‌ఏఎల్, ఒక పక్క ఐడీపీఎల్, 1968లో పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్. వాటి చుట్టూ సందుసందుకీ లేత్ మిషన్లు. డ్రాయింగ్ అక్కర్లేదు, అరిగిన ముక్క చేతిలో పెడితే సాయంత్రానికి కొత్తది చేతికొచ్చేది. ఆ లేత్‌లు లేకపోతే ఈ ఊళ్లో ఇంజన్ మార్పిడి పని పుట్టేదే కాదు.

ఆ మార్పిడి సంగతి చెప్పాలి. అంబాసిడర్ కారులో పెట్రోలు ఇంజన్ 1489 సీసీ, యాభై గుర్రాల బలం. 1980ల్లో డీజిల్ ధర పెట్రోలు ధరలో సగానికి అటూఇటూగా ఉండేది. కంపెనీయే డీజిల్ అంబాసిడర్ తెచ్చిందిగానీ దాని బలం 37 గుర్రాలు. ఏసీ లేని రోజుల్లో కూడా ఐదుగురు ఎక్కితే మూలిగేది. దాంతో టాక్సీ వాళ్లు మరో దారి పట్టారు. పాత కారు కొని, పెట్రోలు ఇంజన్ తీసి రాణీగంజ్‌లో అమ్మేసి, మెటడోర్ వ్యాను డీజిల్ ఇంజన్ తెచ్చి కూర్చోబెట్టడం. అది కూర్చోదు. బరువెక్కువ, పొడవెక్కువ. రేడియేటర్ ముందుకు జరపాలి, ముందు సస్పెన్షన్ గట్టి చేయాలి, ఇంజన్ ఫౌండేషన్లు కొత్తగా వెల్డింగ్ చేయాలి. ఇంజన్ వెనక భాగానికీ గేర్‌బాక్సు ముందు భాగానికీ బోల్టు రంధ్రాలు కలవవు. రెంటికీ మధ్య బాలానగర్‌లో కోయించిన మందపాటి ఇనుప పలక వేసి, ఒక వైపు ఇంజన్ రంధ్రాలు, ఇంకో వైపు గేర్‌బాక్సు రంధ్రాలు పొడిచేవాళ్లం. ఆ పలక వెంట్రుక మందం పక్కకు జరిగినా గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు బేరింగు నెల తిరక్కముందే కూతపెట్టేది.

బండి స్టార్టయ్యాక ఓనరు ముఖంలో వెలుగు చూడాలి. ఆ వెలుగు మొదటి లోడుదాకే. డీజిల్ ఇంజన్ తక్కువ చక్కర్లలోనే ఎక్కువ తిప్పుడు బలం (టార్క్) ఇస్తుంది. అంబాసిడర్ గేర్‌బాక్సూ, వెనక హౌసింగూ అలవాటుపడింది మెత్తటి పెట్రోలు ఇంజన్‌కి. సెకండ్ గేర్లో క్లచ్ టక్కున వదిలితే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాస్ తెగేది, లేదా క్రౌన్ పినియన్ పళ్లు రాలేవి. ఇంకో చిక్కు, ఆ ఇంజన్ పెట్రోలుదంత వేగంగా తిరగదు కాబట్టి టాప్ గేర్లో ఎనభై దాటగానే అరుపు తప్ప పరుగు ఉండేది కాదు. వెనక హౌసింగులో పళ్ల నిష్పత్తి మారిస్తే తప్ప ఆ అరుపు తగ్గదు. ఓనర్లకి ఆ ఖర్చు చెబితే మొహం ముడుచుకునేవాళ్లు. మా ఉస్తాద్ ఇంజన్ మార్పిడికి ఒప్పుకునే ముందు బండి కిందికి దూరి, హౌసింగు మీద పానాతో కొట్టి చూసి, బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ ఒకటే అనేవాడు: “ఇంజన్ సరే భాయ్, గేర్‌బాక్సు ఒప్పుకోవాలిగా!” సగంమంది పక్క షెడ్డుకి పోయేవాళ్లు. ఆ సగంలో సగంమంది తిరిగొచ్చేవాళ్లు, టోయింగ్ తాడుతో.

అప్పట్లో బలం పెంచే మంత్రమంతా డీజిల్ పంపులో ఉండేది. పంపు రూము అంటే మెకానిక్కుల్లో ఆపరేషన్ థియేటర్. దుమ్ము పడకూడదని తలుపు మూసే ఉంచేవాళ్లు, చెప్పులు బయట. లోపల టెస్ట్ బెంచీ. లారీ నుంచి విప్పిన పంపును దాని మీద బిగించి మోటారుతో తిప్పితే, ఒక్కో గొట్టం నుంచి ఒక్కో గాజు గొట్టంలోకి నూనె పడుతుంది. ఆరు సిలిండర్ల పంపు అయితే ఆరు గాజు గొట్టాలు. లెక్కపెట్టినన్ని స్ట్రోకులు కాగానే ఆపి, ఆరింటిలో నూనె ఒకే గీతకు వచ్చిందా లేదా చూడాలి. ఒకటి తక్కువైతే ఆ ప్లంజరు దగ్గర పళ్లపట్టీ వదులు చేసి కాస్త తిప్పి మళ్లీ బిగించడం. కళ్లకీ వేళ్లకీ మధ్య జరిగే పని. అన్నీ సమానమయ్యాక చివర ఒక స్క్రూ మిగులుతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే గరిష్ఠంగా ఎంత డీజిల్ వెళ్లాలో నిర్ణయించేది అదే. దాన్ని సెట్ చేసి, తీగ చుట్టి, సీసం బిళ్ల నొక్కి సీలు వేసేవాళ్లం.

ఆ సీలు ఎన్నాళ్లుంటుందో అందరికీ తెలుసు. ఘాట్ రోడ్లలో తిరిగే లారీ ఓనరు వచ్చి, “కాస్త పంపు పెంచు” అనేవాడు. సగం చుట్టు తిప్పితే చాలు, అదే లారీ అదే లోడుతో ఒక గేరు పైన ఎత్తు ఎక్కేది. వెనక నల్లటి పొగ. తగినంత గాలి లేకుండా డీజిల్ మాత్రం ఎక్కువ పోస్తే కాలకుండా మిగిలేది ఆ పొగే. పొగతో పోతే బాగానే ఉండేది, పిస్టన్ తల కూడా కరిగేది. అంతకంటే ముందు క్లచ్ ప్లేటు మాడేది. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో కుర్రాళ్లు చేసేది సారాంశంలో ఆ సగం చుట్టే. తేడా ఏమిటంటే, వాళ్లు గాలిని కూడా పెంచగలరు.

మన రాష్ట్రంలో పుట్టిన తేలికపాటి ట్రక్కు ఒకటి ఉండేదని చాలామందికి గుర్తులేదు. 1980ల్లో ఆల్విన్ వాళ్లు జపాన్ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో ఫ్యాక్టరీ పెట్టి క్యాబ్‌స్టార్ బండ్లు చేశారు. స్వరాజ్ మాజ్డా, డీసీఎం టయోటా, ఐషర్ మిత్సుబిషి, వీటితో పాటు నాలుగోది మన ఆల్విన్ నిస్సాన్. తర్వాత అది మహీంద్రా చేతికి వెళ్లింది, ఆ ఫ్యాక్టరీ ఇప్పటికీ నడుస్తోంది. టాటా లారీకి డబుల్ క్లచ్ తొక్కి, చెవితో ఇంజన్ చప్పుడు విని గేరు వేసే డ్రైవర్లకు ఆ జపాన్ గేర్‌బాక్సు రెండు వేళ్లతో పడిపోవడం వింతగా ఉండేది. సింక్రోనైజర్ రింగు అంటే ఏమిటో, ఇత్తడి రింగు అరిగితే గేరు ఎలా గరగరలాడుతుందో నేను నేర్చుకుంది వాటి మీదే.

ఇంజన్ మార్పిడి పని క్రమంగా చచ్చిపోయింది. మొదటి కారణం ఇండికాలాంటి చవక డీజిల్ కార్లు. రెండోది చట్టం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద మొదట్లో ఆర్టీఏ అనుమతి తీసుకుని బండిలో మార్పులు చేయించుకునే వీలుండేది. 2000లో సవరణ వచ్చి, కంపెనీ చెప్పిన అసలు వివరాలకు భిన్నంగా మార్చకూడదన్నారు. గ్యాస్‌కు మార్చుకోవడంలాంటి కొన్నింటికి మాత్రం దారి ఉంచారు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటనే గట్టిగా ఖరారు చేసింది. మధ్యలో డీజిల్‌తో మిగిలే లాభం కూడా పోయింది. 2013 జనవరి నుంచి నెలనెలా కొంచెం కొంచెం పెంచుతూ, 2014 అక్టోబర్‌లో ధర మీద నియంత్రణ పూర్తిగా ఎత్తేశారు.

ఇక క్యాబుల కాలం. 2000 తర్వాత హైటెక్ సిటీలో కాల్ సెంటర్లు, మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఆఫీసులు, అమెరికా టైముకి పనిచేసే కంపెనీలు వరసగా వచ్చాయి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒకర్ని, మలక్‌పేట నుంచి ఇద్దర్ని, అమీర్‌పేట నుంచి ఇంకొకర్ని ఎక్కించుకుని లాగిన్ టైములోగా దించాలి. లేటైతే ట్రిప్పు డబ్బుల్లో కోత. క్వాలిస్‌లో 75 గుర్రాల డీజిల్ ఇంజన్, పది మంది మనుషులు. డ్రైవర్ కాలు రోజంతా సగం క్లచ్ మీదే. నెలకి ఒకసారి వచ్చి క్లచ్ సరిచేయమనేవాళ్లు, ఐదో నెలలో ప్లేటు మార్చమనేవాళ్లు. ఓనరు అడిగేది మైలేజీ, డ్రైవర్ అడిగేది పికప్. ఓనరు పంపు తగ్గించమని సీలు వేయించి పోతే, రెండు రోజులకి డ్రైవరు చీకటిపడ్డాక వచ్చి సీలు తెంపమనేవాడు. నేను తెంపనంటే పక్కవాడు తెంపేవాడు. ఆ షెడ్లలో చోటూలుగా చేరిన పిల్లలే ఇప్పుడు మల్టీబ్రాండ్ గ్యారేజీల ఓనర్లు. నేల ధర పెరిగి మాలో చాలామందిమి చందానగర్, పటాన్‌చెరు వైపు జరిగాం, అది వేరే దుఃఖం.

పంపు రూములకు చావు గంట కొట్టింది కామన్ రైల్ ఇంజన్. 2002లో హ్యుందాయ్ యాక్సెంట్ సీఆర్‌డీఐతో మన దేశంలో మామూలు కార్లలోకి వచ్చింది. దాని పంపు పని ఒకటే, ఒక పైపులో వెయ్యి మూడొందల బార్లకు పైగా ఒత్తిడి నింపి పెట్టడం. డీజిల్ ఎప్పుడు, ఎంత, ఎన్ని విడతల్లో చిమ్మాలో ఈసీయూ అనే పెట్టె చెబుతుంది. తిప్పడానికి స్క్రూ లేదు, తెంపడానికి సీలు లేదు. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న పంపు మిస్త్రీలు ఆ పెట్టె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. కొందరు ట్రాక్టర్ పంపుల కోసం ఊళ్లకు వెళ్లిపోయారు. నాకు గేర్‌బాక్సు పని తెలుసు కాబట్టి బతికాను.

ఆ ఖాళీలోకి మొదట వచ్చింది అగ్గిపెట్టెకి కొంచెం పెద్దదైన ట్యూనింగ్ బాక్సు. రైల్లో ఒత్తిడి కొలిచే సెన్సార్‌కీ ఈసీయూకీ మధ్య దాన్ని గుచ్చుతారు. ఉన్న ఒత్తిడి కంటే తక్కువ ఉందని అది అబద్ధం చెబుతుంది, ఈసీయూ నమ్మి ఒత్తిడి పెంచుతుంది. అమెరికా ప్రాజెక్టుల నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్లు వాటిని బ్యాగుల్లో తెచ్చుకునేవాళ్లు. మొదటిసారి నాకు అర్థమైంది అప్పుడే: వీళ్లకి మైలేజీ అక్కర్లేదు, లోడు అక్కర్లేదు. బండి తమ మాట ఎంతవరకు వింటుందో చూడటమే కావాలి. 2008 నవంబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డులో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ ముక్క తెరిచాక, అది చూసుకోవడానికి చోటు కూడా దొరికింది.

తర్వాత రీమ్యాప్. దగ్గర కూర్చుని చూస్తే ఇలా ఉంటుంది. ముందు బ్యాటరీకి ఛార్జర్ తగిలిస్తారు, మధ్యలో వోల్టేజీ పడిపోతే ఈసీయూ పనికిరాకుండా పోతుంది. స్టీరింగ్ కింది ఓబీడీ సాకెట్‌లో ఇటలీ నుంచి వచ్చిన పరికరం గుచ్చి, ఈసీయూలోని ఫైలును ల్యాప్‌టాప్‌లోకి చదువుకుంటారు. తాళం గట్టిగా ఉంటే ఈసీయూను విప్పి బల్ల మీద పెట్టి చదవాలి. ఆ ఫైలును జర్మనీ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే అంకెల అడవి. అందులో డీజిల్ మోతాదు, రైలు ఒత్తిడి, టర్బో గాలి, పొగ హద్దు, టార్క్ హద్దు, ఒక్కోదానికి ఒక్కో పట్టిక. అంకెలు మార్చి, లెక్క సరిచేసి, మళ్లీ బండిలోకి రాయాలి. మన షెడ్లలో చాలామంది దగ్గరున్నది స్లేవ్ పరికరం. అది చదువుతుంది, రాస్తుంది, ఫైలు తెరవనివ్వదు. ఫైలు మెయిల్‌లో బెంగళూరుకో యూరప్‌కో పోతుంది, మారి వస్తుంది. మార్చినవాడు ఆ బండిని చూడడు, దాని క్లచ్ వయసు అడగడు. మా ఉస్తాద్ పానాతో హౌసింగు కొట్టి చూసిన పని ఎవరు చేయాలి? చాలాచోట్ల ఎవరూ చేయరు.

పికప్ ట్రక్కుల సరదాకు ఊపిరి పోసింది మన శ్రీసిటీ. 2016 ఏప్రిల్ 27న ఇసుజు కంపెనీ అక్కడ ఫ్యాక్టరీ ప్రారంభించింది. అదే ఏడాది డీ-మ్యాక్స్ వీ-క్రాస్ వచ్చింది. 2.5 లీటర్ల డీజిల్, 134 గుర్రాలు, 320 న్యూటన్ మీటర్ల టార్క్, ఐదు గేర్లు, ఫోర్ వీల్ డ్రైవ్. అంతకుముందు టాటా జెనాన్, స్కార్పియో గెటవే ఉన్నాయి, కొన్నవాళ్లూ ఉన్నారుగానీ అదొక పిచ్చిగా మారింది వీ-క్రాస్‌తోనే. శంకర్‌పల్లి, మొయినాబాద్ వైపు నాలుగు గుంటలు కొనుక్కున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి అది తోట బండి, ఆఫీసు బండి, వికారాబాద్ అనంతగిరి బురదలో ఆట బండి. కొన్న నెలకే పెద్ద టైర్లు. ఇంకో నెలకి సస్పెన్షన్ ఎత్తు. కేంద్రం 2017 డిసెంబర్‌లో కూడదన్న బుల్‌బార్ కూడా కొందరికి కావాలి. ఆ పెద్ద టైర్లూ ఇనుమూ కలిసి బండిని మందగింపజేస్తాయి. అప్పుడు వస్తారు నా దగ్గరికి.

“అంకుల్, స్టేజ్ వన్ రీమ్యాప్ చేయిస్తే ఎంత పెరుగుతుంది?”

“పదిహేను, ఇరవై శాతం అంటారు బాబూ. క్లచ్ ఎప్పుడు మార్చారు?”

“ఇంకా మార్చలేదు. ఎందుకు?”

అక్కడి నుంచి మొదలు. పెద్ద టైరు వేస్తే గేరు నిష్పత్తి తగ్గించినట్టే, ప్రతి సిగ్నల్ దగ్గరా బండి కదలడానికి క్లచ్ ఎక్కువసేపు రాసుకోవాలి. ఐకియా దగ్గరా బయోడైవర్సిటీ చౌరస్తాలోనూ సాయంత్రం ఆరింటికి క్లచ్ పరిస్థితి ఏమిటో ఊహించుకోండి. దానికి ఇరవై శాతం టార్క్ కలపండి. నేను చేసే పరీక్ష తేలికైనదే: ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో ఇంజన్‌ను తక్కువ చక్కర్లలో ఉంచి ఒక్కసారి పూర్తిగా తొక్కమంటాను. ముల్లు ఎగిరి బండి ఎగరకపోతే ప్లేటు జారుతున్నట్టే. ఫైలుకి పెట్టిన ఖర్చు ఫ్లైవీల్‌తో సహా క్లచ్ సెట్టు మింగేస్తుందని చెబితే, యాభై శాతం హైక్ వచ్చిన మొహం కూడా వాడిపోతుంది.

నా మాట మీద నమ్మకం లేకపోతే టయోటా మాట వినండి. 2022లో మన దేశంలోకి వచ్చిన హైలక్స్ పికప్‌లో ఉన్నది ఒకే 2.8 లీటర్ల ఇంజన్, 204 పీఎస్. ఆటోమేటిక్ గేర్‌బాక్సుతో కొంటే 500 న్యూటన్ మీటర్లు ఇస్తుంది, మాన్యువల్‌తో కొంటే 420. ఇంజన్ చేతకాక కాదు. కంపెనీ వాళ్లే గేర్‌బాక్సును బట్టి ఎనభై న్యూటన్ మీటర్లు తగ్గించి ఇచ్చారు. ఫైలులో టార్క్ హద్దు అనే గోడ ఉండేది చాలాసార్లు వెనక ఉన్న పళ్లచక్రాలను కాపాడటానికే. మెయిల్‌లో ఫైలు మార్చేవాడు మొదట పగలగొట్టేది ఆ గోడనే.

ఆటోమేటిక్ అయితే ప్రమాదం ఇంకా లోతు. గేర్‌బాక్సుకు సొంత కంప్యూటర్ ఉంటుంది. ఇంజన్ కంప్యూటర్ దానికి క్షణక్షణం ‘ఇప్పుడు ఇంత టార్క్ ఇస్తున్నాను’ అని చెబుతూ ఉంటుంది. ఆ లెక్కను బట్టే అది లోపలి క్లచ్‌లను ఎంత ఆయిల్ ఒత్తిడితో నొక్కాలో నిర్ణయిస్తుంది. ట్యూనరు డీజిల్ పెంచి, చెప్పే లెక్కను మార్చకుండా వదిలేస్తే, గేర్‌బాక్సు పాత బరువుకు తగినట్టే మెత్తగా పట్టుకుంటుంది. వచ్చేది కొత్త బరువు. లోపల జారుడు, వేడి. ఆయిల్ డబ్బాలోకి వంచితే మాడిన వాసన, అడుగున మసిలాంటి పొడి. 2019లో వచ్చిన 1.9 లీటర్ల ఆటోమేటిక్ వీ-క్రాస్ అయినా, హైలక్స్ అయినా, ఇంజన్ ఫైలుతో పాటు గేర్‌బాక్సు ఫైలు కూడా చూసేవాడు దొరికితేనే ముట్టుకోండి అంటాను.

విచిత్రమేమిటంటే, ఈ పెట్టెల్లోకి వెళ్లే విద్య తెలిసిన కంపెనీలు ఇదే ఊళ్లో ఉన్నాయి. హైటెక్ సిటీ రైల్వే స్టేషన్ ఎదురుగా హ్యుందాయ్ ఇంజనీరింగ్ కేంద్రం. నానక్‌రామ్‌గూడలో 2017 నుంచి జర్మనీ గేర్‌బాక్సుల కంపెనీ జెడ్‌ఎఫ్ టెక్నాలజీ కేంద్రం. 2013 మోడల్‌తో రామ్ 1500 పికప్‌లో అమెరికా చూసిన ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌కు మూలం ఆ జెడ్‌ఎఫ్ డిజైనే. ఆ రామ్ ట్రక్కులు చేసే ఫియట్ క్రిస్లర్, ఇప్పుడు స్టెలాంటిస్, హైదరాబాద్‌లో 15 కోట్ల డాలర్లతో డిజిటల్ కేంద్రం పెడుతున్నామని 2020 డిసెంబర్‌లో ప్రకటించింది. పగలు ఇలాంటి ఆఫీసుల్లో హద్దులు రాసే ఇంజనీరు, శనివారం తన బండి హద్దులు చెరిపించుకోవడానికి నా షెడ్డుకి వస్తాడు. గేర్‌బాక్సు గురించి నాకు నాలుగు కొత్త సంగతులు చెప్పిందీ అలాంటి కుర్రాడే, నేను అతనికి క్లచ్ పరీక్ష నేర్పాను.

పొగ సంగతి దాటవేయలేను. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 పొగ ప్రమాణాలు. డీజిల్ బండ్లలో మసిని పట్టి కాల్చే డీపీఎఫ్ అనే జల్లెడ వచ్చింది. మాదాపూర్ ట్రాఫిక్‌లో చిన్న చిన్న తిరుగుళ్లకు అది మూసుకుపోతుంది, బోర్డు మీద దీపం వెలుగుతుంది. దాన్ని తీసేసి, ఫైలులో లేనట్టు రాయించేయమని అడుగుతారు. అమెరికాలో ఇదే పని ఎంత జరిగిందో అక్కడి పర్యావరణ సంస్థ 2020లో లెక్క చెప్పింది: దాదాపు పదేళ్లలో ఐదున్నర లక్షలకు పైగా డీజిల్ పికప్‌ల నుంచి పొగ నియంత్రణ పరికరాలు పీకేశారట. పెద్ద కంపెనీలు పత్తిత్తులేం కావు, 2015లో ఫోక్స్‌వ్యాగన్ దొరికిపోయింది ఫైలులో మోసం రాసే కదా. అయినా నేను డీపీఎఫ్ తీయను. ఔటర్ మీద అరగంట ఒకే వేగంతో నడిపితే చాలావరకు అదే కాల్చుకుంటుంది. పంపు రూము రోజుల నల్ల పొగ పీల్చిన ఊపిరితిత్తులు ఇవి, ఇంకొకరికి ఆ పొగ పంచే ఉద్దేశం లేదు.

చట్టం మాట కూడా సూటిగా చెబుతాను. 2019 సవరణ తర్వాత 182ఎ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేయించిన ఓనరుకు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. ల్యాప్‌టాప్‌లో మార్చింది కనపడదు కదా అనుకోకండి. వారంటీకి తీసుకెళ్తే సర్వీస్ సెంటర్ స్కానర్‌కి దొరకవచ్చు, యాక్సిడెంట్ జరిగితే బీమా వాళ్లు అక్కడే మొదలుపెడతారు.

ఇంత చెప్పినా చేయించేవాళ్లు చేయిస్తారు, దశాబ్దాలుగా చూస్తున్నాను. వాళ్లకి నా విన్నపం ఒకటే. ఫైలు రాయించే ముందు బండిని లిఫ్టు మీదికి ఎక్కించి క్లచ్, క్రాసులు, హౌసింగు, ఆటోమేటిక్ అయితే ఆయిల్, ఇవన్నీ చూపించుకోండి. కంపెనీ అసలు ఫైలు కాపీని షెడ్డువాడి ల్యాప్‌టాప్‌లో వదిలేయకుండా మీ దగ్గర పెట్టుకోండి. గేర్‌బాక్సు గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా మీ బండికి వైరు గుచ్చేవాడు కనిపిస్తే, తాళం తీసుకుని బయటికొచ్చేయండి.